చెప్పుల కాపలా

ఇతో అవ్వను పోలీసు చంక కింద చెయ్యి వేసి లేపి, గుడి మెట్లు దించి మంచులో నిలబెట్టాడు.

అవ్వ చేతిలో చిన్న నిప్పుల కుండ ఉంది. చలికాలంలో ప్రార్థనకు వచ్చే ముసలివాళ్ళంతా అలాంటిది వెంట తెచ్చుకుంటారు. లాగిన విసురుకి కుండ ఒరిగి, నిప్పులు మంచు మీద పడి చుయ్యిమని ఆరిపోయాయి.

"నేనేం చేశాను బాబూ?" అంది అవ్వ. "రోజూ కూచునే స్తంభం దగ్గరే కదా కూచున్నాను!"

"ఇవాళ ఇక్కడ రాజకీయ సభ. ఆడవాళ్ళు లోపల ఉండకూడదు. చట్టం ఒప్పుకోదు."

"నాకు ఎనభై దగ్గర పడుతున్నాయిరా. ఈ వయసులో ఆడేంటి, మగేంటి?"

లోపలికి వెళ్తున్న మగవాళ్ళు కొందరు నవ్వారు. ఒకాయన అవ్వ పక్కనుంచి తప్పుకుంటూ, తన పాంకోళ్ళు విడిచి, వాకిట్లో చెప్పులు అందుకుంటున్న కురా చేతికిచ్చి, ఆమె ముఖమైనా చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

కురా ఆ పాంకోళ్ళను అరలో పెట్టి, పరుగున వెళ్ళి అవ్వను పట్టుకుంది. అవ్వ వణుకుతోంది. చలికో, అవమానానికో తెలియలేదు.

కురా రేవులో బియ్యం బస్తాలు మోసే కూలి. భుజాలు మగవాడి భుజాలంత ఉంటాయి. ప్రతి ఉదయం 'నము అమిద బుత్సు', అమిద బుద్ధుడే శరణు, అని స్మరించకుండా పొయ్యి వెలిగించదు. గుడిలో ఏ సమావేశం జరిగినా చెప్పులు తీసుకుని అరల్లో సర్దడం, టీ కాచి పొయ్యడం గుడి భక్త మహిళల పని. ఆ పనిని కురా ఇన్నాళ్ళూ సేవ అనే అనుకుంది. నిన్న ధర్మబోధ జరిగినప్పుడు ఇదే మందిరంలో, ఇదే చాప మీద కూర్చుంది. ఎవరినీ విడిచిపెట్టనని అమిద బుద్ధుడు మాట ఇచ్చాడని గురువుగారు చెబితే కళ్ళు తుడుచుకుంది. ఇవాళ అదే చాప మీద కూర్చుంటే నేరమట. ఒక్క రోజులో మారింది చాపా, మనమా? ఇలా అడగడం పాపమేమోనని కూడా ఆమెకు అనిపించింది.

"చూశావా వదినా," అంది పక్కనున్న సావా. ఆమె కూడా బస్తాల కూలీయే. నోరు మంచిది కాదని పేరుంది. "బుద్ధుడి గది తలుపులు కూడా మూసేశారు. ఆయన్ని సైతం సభలోంచి వెళ్ళగొట్టారు. ఆయనకీ ఓటు లేదు కాబోలు!"

"నోరు ముయ్యవే. గుడిలో ఉన్నాం."

"గుడి వాకిట్లో ఉన్నాం. లోపలికెక్కడ రానిచ్చారు?"

కురాకు నవ్వు రాలేదు. ఆమె ప్రాణమంతా నుయి మీద ఉంది.

నుయి ఆమె చనిపోయిన చెల్లెలి కూతురు. కురా పాలిచ్చి పెంచిన పిల్ల. పోయిన వేసవిలో ఊళ్ళో బియ్యం దొరకని రోజుల్లో, రేవు నుంచి మాత్రం ఓడల నిండా బియ్యం బయటి ఊళ్ళకు పోతూనే ఉంది. ఇంట్లో పిల్లలకు గంజి లేదు. మొయ్యవలసింది ఆ బస్తాలే. ఒక పొద్దున కూలి ఆడవాళ్ళంతా బస్తాలు కింద పడేశారు. నుయి వెళ్ళి ఓడకు వేసిన బల్ల మీద అడ్డంగా పడుకుంది. "నన్ను తొక్కుకుంటూ మొయ్యండి" అంది. ఎవరూ తొక్కలేదు. ఓడ ఖాళీగా పోయింది, బియ్యం ఊళ్ళోనే మిగిలింది. పోలీసులు నుయిని మాత్రం తీసుకుపోయారు.

ఇప్పటికీ ఆమె జిల్లా జైల్లోనే ఉంది. పోయిన నెల చూడడానికి వెళ్తే మాట కంటే దగ్గే ఎక్కువ వినిపించింది. ఈ చలి దాటేలా లేదు.

ఊరి పార్టీ కార్యదర్శి ఒగినో మాటిచ్చాడు. వలల దుకాణం ఉన్నవాడు, చదువుకున్నవాడు, మెత్తగా మాట్లాడతాడు. "రాజధాని నుంచి మా నాయకుడొస్తున్నాడు కురా అమ్మా. సభలో నుయి విడుదల కోరుతూ తీర్మానం చేయిస్తాను. ఊరంతా అడిగిందంటే పత్రికల్లో వస్తుంది. అప్పుడు వాళ్ళు వదలక తప్పదు" అన్నాడు. ఆ మాట పట్టుకునే కురా ఇవాళ తెల్లవారకముందే వచ్చి వాకిట్లో మంచు ఊడ్చింది.

సభ మొదలైంది. వేదిక మీద నాయకుడి పక్కనే పోలీసు అధికారి కుసాకా కత్తిని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చున్నాడు. నచ్చని మాట వినిపిస్తే "ఆపు!" అనే అధికారం ఆయనది. రెండోసారి సభనే రద్దు చేస్తాడు.

"పన్ను కట్టే డబ్బున్నవాడికే ఓటా?" నాయకుడి గొంతు వాకిలి దాకా వచ్చింది. "వల లాగేవాడు మనిషి కాడా? ఇరవై అయిదేళ్ళు నిండిన అందరికీ ఓటు కావాలి!"

లోపల చప్పట్లు మోగాయి.

"నాకు నలభై రెండు," అంది సావా. "నిండినట్టేనా?"

"నిన్ను కాదులేవే," అంది ఇతో అవ్వకు కాళ్ళు రుద్దుతున్న ఒకామె. "మనకెందుకమ్మా ఓట్లు? నుయి ఇంటికొస్తే చాలు."

"నుయి ఎందుకెళ్ళింది జైలుకి? బియ్యం ఎటు పోవాలో చెప్పే చోట మన నోరు లేకపోబట్టే కదా!"

"అమ్మా, గొడవొద్దు. టీ చల్లారిపోతోంది," అంది కురా, కెటిల్ అందుకుని.

టీ పోసే ఆడవాళ్ళను చట్టం చూడదు. కురా వంగి వంగి కప్పులు నింపుతూ వేదిక దాకా వెళ్ళింది. కుసాకా ఆమె వైపు చూసి, "పోసి వెంటనే వెళ్ళిపో. ఏదీ వినకూడదు" అన్నాడు.

"టీ పోసేటప్పుడు చెవులు మూసుకోడానికి చేతులు ఖాళీగా ఉండవండి," అంది కురా. ముందు వరసలో నవ్వారు. ఆమె హాస్యానికి అనలేదు.

వేదిక వెనక తెర దగ్గర ఒగినో, నాయకుడి మనిషి ఒకడు తల దగ్గర తల పెట్టి మాట్లాడుకుంటున్నారు. కురా వాళ్ళ కప్పులు నింపింది. వాళ్ళు మాట ఆపలేదు. కెటిల్‌ని చూసి ఎవరు మాట ఆపుతారు?

"బియ్యం గొడవ కేసు ఎత్తితే కుసాకా సభ రద్దు చేస్తాడు," అన్నాడు ఆ మనిషి. "ఓటు ఉద్యమం ముఖ్యం. ఒక్క ఆడదాని కోసం అంతా పాడు చేసుకుంటామా?"

ఒగినో కాసేపు కప్పు వైపు చూశాడు. "సరే. తర్వాత చూద్దాం" అన్నాడు.

కురా వాకిలికి తిరిగొచ్చింది. కెటిల్ కింద పెట్టింది.

"నుయి పేరు తీసేశారు."

లోపల మళ్ళీ చప్పట్లు మోగాయి.

"నేనప్పుడే చెప్పాను," అంది సావా. కానీ ఆమె గొంతులోనూ కోపం కంటే ఏడుపే ఎక్కువగా ఉంది. "ఇప్పుడు ఏముంది మన చేతుల్లో?"

కురా అరల వైపు చూసింది. నేల నుంచి పైకప్పు దాకా పాంకోళ్ళు, గడ్డి బూట్లు. ఊళ్ళో మగవాళ్ళందరివీ. బయట మోకాలి లోతు మంచు.

"ఇవున్నాయి," అంది.

*

సభ చివరి ఉపన్యాసం అయిపోయి మగవాళ్ళు లేచి వాకిట్లోకి వచ్చేసరికి ఆడవాళ్ళు అరలకు వీపు ఆనించి, భుజానికి భుజం కలిపి నిలబడి ఉన్నారు. బస్తాలు మోసిన భుజాలు. తోసుకుని పోయే దారి లేదు.

మొదట కురా మొగుడు తొకుజి చెయ్యి చాపాడు. "ఏయ్, నా చెప్పులియ్యి."

"ఇస్తాను. లోపలికెళ్ళి నుయి పేరెత్తి రండి."

"పిచ్చెక్కిందా? ఊరి ముందు పరువు తీస్తావా?"

"మీరు ఉత్తర సముద్రంలో చేపలు పడుతున్నప్పుడు మనింట్లో గింజ లేదు. తిరిగొచ్చేసరికి పిల్లలు బతికే ఉన్నారు. ఎట్లా బతికారని ఎప్పుడైనా అడిగారా?"

తొకుజి చాపిన చెయ్యి మెల్లగా దిగింది.

వెనకనుంచి అరుపులు మొదలయ్యాయి. "ఏంటిది? ఎవరి పెళ్ళాం అది?" "నా బూట్లిచ్చెయ్యండి, ఇంటికి పోవాలి!" "ఆడాళ్ళు చెప్పులు దొంగిలించే కాలమొచ్చింది!"

"దొంగతనమా?" అంది సావా. "అదిగో, ఒకటీ పోలేదు. వరసలో ఉన్నాయి. మీ నోట్లోంచి పోయిన మాట కోసం చూస్తున్నాం మేము!"

ఒక ముసలి జాలరి నేల మీద కూలబడ్డాడు. "ఆ పిల్ల ఆపిన బియ్యం నేనూ తిన్నాను," అన్నాడు ఎవరినీ ఉద్దేశించకుండా. "చెప్పుల్లేకుండా కూచుంటే తప్పులేదు."

జనాన్ని తోసుకుంటూ ఒగినో వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. "కురా అమ్మా, మీరు ఉద్యమాన్ని పాడు చేస్తున్నారు. ముందు మగవాళ్ళకు ఓటు రానివ్వండి. ఆ తర్వాత మీ సంగతి మేమే చూస్తాం."

"నుయి సంగతి కూడా మీరే చూస్తామన్నారు బాబూ."

ఒగినో తల దించుకున్నాడు. చెడ్డవాడు కాదు. భయపడ్డవాడు. ఆ సంగతి కురాకూ తెలుసు. అందుకే ఎక్కువ బాధ కలిగింది.

"ఆడవాళ్ళతో బేరాలేంటి? ఖాళీ చెయ్యండి!" కుసాకా వేదిక మీంచే గద్దించాడు.

కురా గడప వైపు నడిచింది. ఒగినో ఆమె ఉద్దేశం గ్రహించి చెయ్యి అడ్డం పెట్టాడు. గొంతు తగ్గించి గబగబా అన్నాడు: "ఆగండి. సభ ముగిసిందని నేను ఇంకా ప్రకటించలేదు. ఇప్పుడు లోపలికి వస్తే నేరం. ఒక్క నిమిషం. ముగిసిందని చెప్పేస్తాను. అప్పుడు వచ్చి మీరేం చెప్పుకున్నా తప్పు కాదు. ఎవరూ ముట్టుకోరు."

మంచి సలహాయే. కురా నిజంగానే ఆగింది. ఇంట్లో పిల్లలున్నారు. మంచంలో అత్తగారుంది. ముగిసిన సభలో నుయి గురించి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ఇంటికెళ్ళి వంట చేసుకోవచ్చు. ఇన్నేళ్ళూ జరిగింది అదే కదా. అంతా అయిపోయాక, కప్పులు కడుగుతూ, వాళ్ళలో వాళ్ళు చెప్పుకోవడం.

"వద్దు బాబూ," అంది. "ముగించకండి. ముగిసిన సభలో చెప్పిన మాట ఏ లెక్కలోకి వస్తుంది?"

గడప దాటింది.

మందిరం మధ్యలో, నిన్న తాను కూర్చున్న చాప మీద నిలబడింది. మూసి ఉన్న బుద్ధుడి తలుపుల వైపు చేతులు జోడించింది. తర్వాత జనం వైపు తిరిగింది.

"నేను కురాని. రేవు కూలీని. మా నుయి ఓడకు అడ్డం పడుకుంది. మీ పిల్లల కోసం..."

"ఆపు!" కుసాకా లేచాడు.

"మీ పిల్లల కోసం పడుకుంది. ఆమె జైల్లో దగ్గుతోంది. ఆమెను వదలమని ఈ ఊరు అడుగుతుందా, అడగదా? అడిగేవాళ్ళు చేతులెత్తండి."

"ఆపు! సభ రద్దయింది! రద్దు!"

ముందు ఎవరూ ఎత్తలేదు. తర్వాత వాకిలి దగ్గర ఒక చెయ్యి లేచింది. తాళ్ళు కోసి కాయలు కాసిన చెయ్యి. తొకుజిది. ఆ వెనకే నేల మీదున్న ముసలి జాలరిది. ఇంకొకటి, ఇంకొకటి. చివరికి ఒగినోది కూడా, సగం దాకా. అన్నీ లేచాయని చెప్పలేం. చాలామంది గోడల వైపు చూస్తూ నిలబడ్డారు. లెక్కపెట్టే లోపే పోలీసులు కురా చేతులు వెనక్కి విరిచారు.

*

పోలీసు స్టేషన్ వంతెన అవతల ఉంది. కురాను పాంకోళ్ళు లేకుండా మంచులో నడిపించారు.

"ఇక మీద రాజకీయ సభకు రానని వేలిముద్ర వెయ్యి," అన్నాడు కుసాకా బల్ల ముందు కూర్చుని. "జరిమానా కట్టి ఇంటికి పో. నీ వయసు చూసి చెప్తున్నాను."

"మళ్ళీ వెళ్తానండి. అదే రాసుకోండి."

"నీ మొగుడు నిన్ను ఇంట్లోకి రానిస్తాడా?"

ఆ ప్రశ్న వంతెన దాటుతున్నప్పటి నుంచీ కురాను తొలుస్తూనే ఉంది. నుయి దగ్గు కూడా చెవిలో ఆగలేదు. ఇవాళ ఎత్తిన చేతులు జైలు తలుపు తెరుస్తాయో లేదో ఎవరికి తెలుసు?

బయట అడుగుల చప్పుడు వినిపించింది. తలుపు తెరుచుకుంది. ముందు ఇతో అవ్వ, వెనక సావా, వాళ్ళ వెనక గుడి భక్త మహిళలంతా.

"ఏంటిది? ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?"

"మేమూ సభలో ఉన్నామండి," అంది సావా. "టీ పోశాం. అంతా విన్నాం. ఉపన్యాసం బానే ఉంది. నేరమే కదా? రాసుకోండి."

"పొండి ఇళ్ళకి! టీ పోస్తే నేరం కాదు!"

"వింటే నేరమే కదా? విన్నామంటున్నాంగా!"

ఇతో అవ్వ కానిస్టేబుల్ ఎదురుగా వచ్చి చంక చూపించింది. "పొద్దున బయటికి లాగావుగా. ఇప్పుడు లోపలికి లాగు. చలేస్తోంది."

కానిస్టేబుల్ అధికారి వైపు చూశాడు. అధికారి కటకటాల వెనకున్న చిన్న గది వైపు చూశాడు. ఇంతమంది పట్టే గది ఆ ఊళ్ళో గుడి ఒక్కటే. ఆయన జవాబు కోసం ఆడవాళ్ళు ఆగలేదు. గోడ పొడుగునా నేల మీద కూర్చున్నారు. ఎవరో మెల్లగా 'నము అమిద బుత్సు' అందుకున్నారు. కురా గొంతు కలిపింది. తర్వాత లేచి నిలబడింది.

"నుయి విడుదల గురించి మాట్లాడుకుందాం," అంది. "సభ మొదలైంది. ముగిసిందని ఎవరూ అనొద్దు."

కుసాకా విసురుగా తలుపు తోసుకుని బయటికి వచ్చాడు. ఆగిపోయాడు.

స్టేషన్ వాకిట్లో, చూరు కింద, ఆడవాళ్ళ పాంకోళ్ళు, గడ్డి బూట్లు బారులు తీరి ఉన్నాయి. అలవాటు పోని చేతులు ప్రతి జతనూ ముందు కొసలు బయటికి ఉండేలా సర్ది పెట్టాయి. పైన మళ్ళీ మంచు మొదలైంది. ఆ వరసల ముందు ఒక మనిషి గొంతుక్కూర్చుని ఒక్కొక్క జతనూ తీసి, మంచు దులిపి, తిరిగి పెడుతున్నాడు. పని తెలియని చేతులు. జతలు తారుమారవుతున్నాయి. పక్కన కురా పాంకోళ్ళు, పొడి గుడ్డలో చుట్టి ఉన్నాయి.

"ఎవడ్రా నువ్వు? ఇక్కడేం చేస్తున్నావ్?"

తొకుజి లేవలేదు. చేతిలో ఉన్న చిన్న గడ్డి బూట్లు, ఇతో అవ్వవి, జాగ్రత్తగా వరసలో పెట్టాడు.

"చెప్పుల కాపలా అండి," అన్నాడు. "లోపల సభ జరుగుతోంది కదా."