సున్నా అచ్చు

బావగారు పళ్ళచక్రాన్ని బల్ల మీద పడుకోబెట్టి, మూడు అంకె ఉన్న ఉక్కు అచ్చు ఆనించి సుత్తితో ఒక్కటేశాడు. పక్కనే ఏడు. చక్రానికెన్ని పళ్ళో ఆ అంకె కొట్టడమే అతని ఉద్యోగం. ఫోర్‌మన్ అతని భార్యకు తమ్ముడు కాబట్టి వర్క్‌షాపంతటికీ అతను బావగారే.

అక్కడి చక్రాలకు పళ్ళెప్పుడూ ప్రధాన సంఖ్యలోనే ఉంటాయి, వందకు లోపే. అలా అయితే జతచక్రాల్లో అవే రెండు పళ్ళు మాటిమాటికీ ఎదురుపడి ఒకదాన్నొకటి అరగదీసుకోవు. మనుషులకు ఆ ఏర్పాటు లేదు. ఫోర్‌మన్ బల్ల ఎదురుగానే ఉంది.

అచ్చులు బావగారి సొంతం; సొరుగులో ఓ పెట్టెలో ఉంటాయి. ఒకటి, మూడు, ఏడు, తొమ్మిది అచ్చుల నెత్తులు దెబ్బలు తిని పుట్టగొడుగుల్లా విచ్చుకున్నాయి. అతని ఎడమ బొటనవేలి గోరూ అదే వాటంలో ఉంది. సున్నాకు మాత్రం ఎన్నడూ పని తగల్లేదు.

చూపు మందగించాక అతని చేతిలో అంకెలు తిరగబడసాగాయి. సరి అంకో, అయిదో చివర పడబోతే అలవాటు లేక చెయ్యే ఆగిపోయేది. పదమూడు ముప్పై ఒకటైతే ఆగేది కాదు. రెండూ ప్రధాన సంఖ్యలే కాబట్టి ఫోర్‌మన్‌కూ అనుమానం రాలేదు. చక్రాలు బిగించేవాళ్ళు తిట్టుకుంటూ సర్దుకునేవారు. మొన్న వాళ్ళలో ఒకడు ఫోర్‌మన్ ముందు నోరు జారాడు. ఇంకొక్క తప్పు దొరికితే ఇంటికేనన్నాడు ఫోర్‌మన్.

ఈరోజు పంతొమ్మిది తిరగబడింది.

"తొంభై ఒకటా?" చక్రాన్ని బల్ల మీద విసిరాడు ఫోర్‌మన్. "ఏడు పదమూళ్ళు తొంభై ఒకటి. అలాంటి చక్రం మన దగ్గర పుట్టనే లేదు. కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా బావా?"

"అంకె తిరగబడితే కొంప మునిగిందా?"

"అక్క మొహం చూసి ఇన్నాళ్ళూ మోశాను."

"నువ్వు మోశావా? నీకు సుత్తి పట్టడం నేర్పిందెవర్రా?"

"ఆ దెప్పుళ్ళు చాలు! నీకూ నీ పెట్టెలో సున్నాకీ తేడా లేదు. రేపట్నుంచి రావద్దు."

చుట్టూ సుత్తులు ఆగాయి. బావగారు ముఖం తుడుచుకున్నాడు.

"రేపటిదాకా దేనికి?"

సొరుగు తెరిచి, మూసి, చేతిగుడ్డ మూట కట్టుకుని నడిచాడు. ఎవరూ ఆపలేదు.

సాయంత్రం సరుకుకు లారీ వచ్చేసరికి ముద్ర పడని చక్రాలు గుట్టగా ఉన్నాయి. డ్రైవర్ హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ఫోర్‌మన్ చొక్కా చేతులు మడిచి, తనే సుత్తి అందుకుని, బావగారి సొరుగు లాగాడు.

పెట్టెలో ఖాళీ గుంటల పక్కన సున్నా అచ్చు ఒక్కటే, కొన్ననాటి నిగనిగతో.