సగం పాట బ్యాండు

ఒత్తుల్లో తప్పులుంటే మన్నించాలి. యాభై దాటాక పలక పట్టాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు పద్దెనిమిది రోజులు పట్టింది.

డెబ్బై మూడులో కంకిపాడు పక్కన ఒక క్రైస్తవుల పేటలో కొత్తగా బ్యాండు పుట్టింది. ఎనిమిదిమందీ కూలీలే. వాయిద్యాలు మాత గుడివి. క్లారినెట్టు బాలశౌరి చేతికొచ్చింది. నేర్పడానికి విజయవాడ వన్ టౌన్ నుంచి సంజీవరావు మాస్టారు వచ్చాడు. సొంతంగా కట్టిన పాట ఒకటి సగం నేర్పి, మిగతాది వచ్చేవారం అని చెప్పి, ఏదో నాటకాల కంపెనీలో చేరి ఊళ్ళు పట్టుకుపోయాడు.

ఉన్న సగాన్నే ఒక పెళ్ళిలో వాయిస్తే జనం లేచి భోజనాల వైపు వెళ్ళిపోయారు. ఫాదరుగారు అది చూశారు.

"బాలశౌరీ, ఆగస్టు పదిహేను మాత పండక్కి తేరు ముందు వన్ టౌన్ బ్యాండు, తేరు వెనక మీరు. మీ వెనక జనం నడిస్తే వాయిద్యాలు మీవి. లేదంటే గన్నవరం దగ్గర ఒక పేటవాళ్ళు అడుగుతున్నారు, వాళ్ళకిచ్చేస్తాను."

ఆ పూట బాలశౌరి అన్నం ముట్టలేదు. క్లారినెట్టు ఒళ్ళో పెట్టుకుని, పంపించేసే పిల్లని చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు. అతని భార్య అమలమ్మ నలభైమంది ఆడవాళ్ళ నాట్ల ముఠాకి మేస్త్రి. ఆమెకి ఆ వాలకం నచ్చలేదు.

"జనం దొరకలేదని ఏడుస్తావేంటయ్యా. నా దగ్గర నలభైమంది ఉన్నారు. రోజంతా వంగే ఉంటారు. ఎక్కడికీ పారిపోలేరు."

మర్నాడు బ్యాండు రామకోటేశ్వరరావుగారి చేనుకి వెళ్ళి, గట్టు మీద ఆడవాళ్ళకి ఎదురుగా నిలబడింది. నాట్లు వేసేవాళ్ళు వెనక్కి నడుస్తారు. పుట్టినప్పటినుంచి చూస్తున్న సంగతే అయినా బ్యాండువాళ్ళమైపోయామన్న గొప్పలో మరిచిపోయారు. పల్లవి అయ్యేసరికి ముఠా మడి మధ్యకి పోయింది. చరణం ఎత్తుకునేసరికి అవతలి గట్టు చేరింది.

"చూశావా, వంగి కూడా పారిపోతున్నారు" అన్నాడు బాలశౌరి.

"అవతలి గట్టు మీద నిలబడండి. నాటిన కుదురుకి ఒక అడుగు చొప్పున మీ దగ్గరికే వస్తారు. ముందొచ్చేవి ముఖాలు కావు, అంతే తేడా."

చోటు మారింది. ముఠా సరిగ్గా గట్టు తాకే వేళకి పాట సగానికొచ్చి ఆగింది.

"తర్వాతేంటి?" అంది అంకాలమ్మ నడుం ఎత్తి. ముఠాలో నోరున్న మనిషి ఆమే.

మాకు రాదని బాలశౌరి చెప్పేలోపే అమలమ్మ అందుకుంది. "మిగతాది పండగనాడు. తేరు వెనక నడిచినోళ్ళకే."

ఇక రోజూ అదే వరస. పాట దగ్గరికి చేరాలని ఆడవాళ్ళు చకచకా నాటేవాళ్ళు. నాలుగు రోజుల పని మూడు రోజుల్లో అయ్యేసరికి రామకోటేశ్వరరావుగారు మురిసిపోయి, బ్యాండుకి మజ్జిగ పంపించారు. అంకాలమ్మ బ్యాండువాళ్ళ చద్దన్నంలోకి ఎండురొయ్యల పచ్చడి తెచ్చేది. పక్క చేలో ఎవరో "సగం పాటోళ్ళు" అని నవ్వితే గుప్పెడు బురద తీసి విసిరింది.

"మా బ్యాండుని మేం అంటాం. మీరనకండి."

పండగ దగ్గరపడేకొద్దీ అమలమ్మకి నిద్ర కరువైంది. లేని సగాన్ని నలభైమందికి ఆశపెట్టింది తనే.

పండగనాడు ముందు ఎర్రకోట్ల వన్ టౌన్ బ్యాండు, దాని చుట్టూ ఊరంతా. తేరు వెనక ఈ ఎనిమిదిమంది, వాళ్ళ వెనక ముఠా. బాలశౌరి కళ్ళు మూసుకుని వాయించాడు. పల్లవి అయింది. చరణం అయింది. ఆ చోటు వచ్చింది. పాట ఆగింది. అమలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు వెనకనుంచి అంకాలమ్మ గొంతు లేచింది. నాట్ల పాట వరసలో మాతకి దండం పెడుతూ, పాటని ఆగిన చోటునుంచే ఎత్తుకుంది. ఆ వెంటనే మిగిలిన గొంతులన్నీ కలిశాయి. డప్పు తడబడి ఆ వరస అందుకుంది, క్లారినెట్టు వెంట పరిగెత్తింది. ముందున్న జనం వెనక్కి తిరిగారు, తిరిగినవాళ్ళు వచ్చేశారు. వన్ టౌన్ బ్యాండువాళ్ళు చూసుకుంటే వాళ్ళకీ తేరుకీ మధ్య ఒక కుక్క తప్ప ఎవరూ లేరు.

"ఇదెక్కడ నేర్చారే?" అంది అమలమ్మ.

"మీకు మిగతాది రాదని మూడోరోజే తెలిసిందిలే మేస్త్రమ్మా. ఆ చోటికొచ్చేసరికి మీ ఆయన కళ్ళు తేలేసేవాడు. పోనీలే పాపమని మేమే కట్టుకున్నాం."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు మాకు చెప్పావా?"

వాయిద్యాలు పేటలోనే ఉండిపోయాయి. పెళ్ళిళ్ళకి బ్యాండుని పిలిచినవాళ్ళు ముఠానీ పిలవాల్సొచ్చింది. ఎనిమిదిమందికని వండినచోట నలభై ఎనిమిది విస్తళ్ళు లేచేవి.

రెండేళ్ళకి సంజీవరావు మాస్టారు తిరిగొచ్చాడు. మిగతా సగం నేర్పుతానన్నాడు. అమలమ్మ ముక్కాలిపీట వేసి, మజ్జిగ చేతికిచ్చింది.

"కూర్చోండి మాస్టారూ. మేం నేర్పుతాం."

సంపూర్ణమ్మ, డెబ్బై ఆరేళ్ళు. ఆ ముఠా నలభైమందిలో నేనూ ఒకదాన్ని. ఇప్పుడు ఉయ్యూరులో ఉంటున్నాను.