రైలుకంటే ముందు పుట్టిన కథ

వాదనకు మనిషి దొరికితే చాలు, మా ఆయనకు అన్నం కూడా అక్కర్లేదు. మట్టెవాడలో మాది బట్టల దుకాణం. ముందు అరుగు, మధ్యలో దుకాణం, వెనక ఇల్లు. మధ్యాహ్నం బేరాలు తగ్గితే అరుగు మీద పదిమంది చేరతారు. పోయిన ఏడాదంతా జాతకాల మీద కొట్లాట. ఈ ఏడు హైదరాబాదు పోయి, పాత పుస్తకాల అంగట్లో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి కొనుక్కొచ్చాడు. యేసుక్రీస్తు కథలు ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో అందులో ఉందట. యుద్ధం రోజులు, కిరసనాయిలు దొరకదు, బట్టలకు కంట్రోలు. ఈయనకు మాత్రం మార్కు ముందు రాశాడా మత్తయి ముందు రాశాడా అన్నదే ఫికరు.

ఆయనకు సరిజోడు మిషన్ గుడి పాస్టరు ఆశీర్వాదం గారు. మంచి మనిషే గానీ కోపం ముక్కు మీద ఉంటుంది. సైకిలు మీద బజారుకొస్తే మా ఆయన చెయ్యి పట్టి అరుగెక్కించేవాడు. నేను తలుపు వెనక బియ్యం ఏరుతూ అంతా వినేదాన్ని. బియ్యంలో రాళ్లు ఎన్ని మిగిలిపోయాయో ఆ రోజుల్లో మా ఇంట్లో తిన్నవాళ్లకే తెలుసు.

"మార్కుది పొట్టి కథ, మత్తయిది పొడుగు కథ" అనేవాడు మా ఆయన. "పొట్టి కథనే ముందు పుడ్తది పాద్రీ సాబ్. చెప్పంగ చెప్పంగ పొడుగైతది. మార్కు రాసింది ముందలేసుకొని మత్తయి పేరుమీద ఇంకెవడో రాసిండు."

"మత్తయి ఆయన శిష్యుడు సావుకారూ. కండ్లార చూసినోడు."

"కండ్లార చూసినోనికి ఇంకోని రాత చూసుడెందుకు?"

పాస్టరు గారు దానికీ ఏదో జవాబు చెప్పేవారు. వాదన అలా సాగుతూ ఉండగా, ఒకరోజు మా ఆయన పుస్తకం తెరిచి అసలు బాణం తీశాడు.

"యెరూషలేము గుడి కూలుతదని యేసు ముందే చెప్పిండని రాసిండ్రు గదా? రోము సిపాయిలు ఆ గుడిని కూలగొట్టింది ఆయన పోయిన నలభై ఏండ్లకు. గుడి కూలినంకనే కథ రాసిండ్రు. రాసి, ముందే చెప్పిండన్నరు. ఇందుల దాచుడేమున్నది?"

అరుగు మీద అందరూ నవ్వారు. పాస్టరు గారి చెవులు ఎర్రబడ్డాయి. కోపంలో మనిషి ఏం చేస్తాడు? పందెం కాస్తాడు. మా ఆయన ఓడిపోతే ఆదివారం గుడికి వెళ్లి, అందరికంటే ముందు చాప మీద కూర్చోవాలి. పాస్టరు గారు ఓడిపోతే అదే ఆదివారం ప్రసంగంలో, 'ఈ జోస్యాలన్నీ జరిగినాక రాసినవే' అని చెప్పాలి. పక్క దుకాణం రాంచందర్ తీర్పరి. ఏ పుస్తకమూ చదవని మనిషి కాబట్టి పక్షపాతం ఉండదని అందరూ ఒప్పుకున్నారు.

వాళ్లకు ఆట. నాకు గుండెలో రాయి పడింది. ఆ మాట గుడిలో అన్న మర్నాడు మిషన్ దొర పాస్టరు గారిని ఉంచుతాడా? ఉద్యోగంతోపాటు ఇల్లూ పోతుంది. పాస్టరు గారి భార్య రూతమ్మ దవాఖానలో నర్సు. నా పెద్దవాడు కాన్పులో అడ్డం తిరిగినప్పుడు, మావాళ్లంతా దేవుడి పటం ముందు కూర్చుని ఏడుస్తుంటే, నా చెయ్యి వదలకుండా వాణ్ణి బయటికి తీసింది ఆమె. నేను బతికి ఉన్నది రూతమ్మ వల్ల. ఆమె పిల్లల్ని వెంటేసుకొని వీధిన పడితే నేను చూడలేను. కాబట్టి మా ఆయన ఓడిపోవాలి, అంతే. ఇంగ్లీషు పుస్తకంతో నేను కొట్లాడలేను గానీ, మా ఇంట్లో ఇంకో గ్రంథం ఉంది. దాని పేరు మా అత్తమ్మ.

"ఇగో, వింటున్నరా?" అన్నాను అన్నం వడ్డిస్తూ. "పందెమేదో వచ్చే మంగళారం పెట్టుకోరాదు? ఆనాడు దుకాణం ఎట్లాగూ తియ్యం గదా."

"మంచిగ చెప్పినవ్" అన్నాడు. ఎందుకు తియ్యమో అడగలేదు. ఆ మంగళవారం వాళ్ల తాతగారి తద్దినం. తిథులు గుర్తుపెట్టుకునేది ఇంట్లో ఆడవాళ్లే కదా. తద్దినం నాడు భోజనాలయ్యాక అత్తమ్మ అరుగు మీదికొచ్చి వాళ్ల మామగారి కథ చెప్పడం మా ఇంటి ఆచారం. తాంబూలమైనా మరిచిపోతాం గానీ ఆ కథ మరవం.

మంగళవారం అరుగు నిండిపోయింది. మా ఆయన పుస్తకం తెరిచాడు, పాస్టరు గారు బైబిలు తెరిచారు. గుడి కూలిన సంగతి దగ్గరికి వచ్చేసరికి నేను అత్తమ్మను మెల్లగా ముందుకు నడిపించుకొచ్చి పీట వేశాను. మా ఆయన మొహంలో రంగు మారింది. ఆ కథ సంగతి అప్పుడు గుర్తొచ్చింది పాపం.

"అందరున్నరు, మంచిగైంది" అని మొదలుపెట్టింది అత్తమ్మ. "మా మామ టేషన్‌కాడి రాళ్ల చెలక భూమి కొంటే బజారంత నవ్విండ్రు. ఆయన ఏమన్నడు? 'ఇనుప పాము వస్తది, పొగ కక్కుకుంట వస్తది, ఈ రాళ్లు బంగారమైతయి' అన్నడు. పాము తోకకాడ ఒకడు నిలవడి పచ్చజెండా ఊపుతడని కూడ చెప్పిండు. అన్నట్టే రైలొచ్చె, టేషనొచ్చె."

నేను కాపురానికొచ్చిన కొత్తలో ఆ కథలో ఇనుప పాము ఒక్కటే ఉండేది. పొగ తర్వాత చేరింది. పచ్చజెండా ఈ ఏడే కొత్తగా వింటున్నాను.

పాస్టరు గారు బైబిలు మూసి, చాలా వినయంగా అడిగారు. "సావుకారూ, మీ తాతగారు ఈ మాట రైలు రాకముందు చెప్పిండా, వచ్చినంకనా?"

"వచ్చినంక చెప్తే అదేం చెప్పుడు?" అంది అత్తమ్మ. "చెప్పు రాజం, ముందే గదా?"

అరుగంతా మా ఆయన వైపు తిరిగింది. చేతిలో పుస్తకం, ఎదురుగా తల్లి. ఆయన రెండింటినీ మార్చి మార్చి చూశాడు. పుస్తకమైతే హైదరాబాదులో మళ్లీ దొరుకుతుంది.

"ముందే చెప్పిండమ్మా" అన్నాడు.

"మరి యేసు?" అన్నారు పాస్టరు గారు.

"ఆయన... ఆయన కూడ చెప్పే ఉంటడు తియ్యి."

"ఖతం!" అన్నాడు రాంచందర్. ఆ నవ్వులు చౌరస్తా దాకా వినపడి ఉంటాయి. నేను తలుపు వెనక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆదివారం మా ఆయన నల్లటోపీ పెట్టుకొని వెళ్లి, ముందు చాప మీద బుద్ధిగా కూర్చున్నాడట. రూతమ్మే పాటల పుస్తకం తెరిచి చేతికిచ్చిందట. ఇంటికొచ్చి హార్మోనియం మాత్రం బాగుందన్నాడు.

ఆ సాయంత్రం నేనూ అత్తమ్మా దీపం వత్తులు చేస్తూ కూర్చున్నాం. నాకు నోరు ఊరుకోదు.

"అత్తమ్మా, పోయినేడు పచ్చజెండా లేకుండె గదా?"

ఆమె కొడుకు దగ్గర్లో ఉన్నాడేమోనని చూసింది. "జెండా ఒక్కటేనా పిల్లా? మొదట్ల పాము గూడ లేకుండె."

నేను వత్తి పక్కన పెట్టి దగ్గరికి జరిగాను.

"మామకు రైలు సంగతి ఏమెరుక? చెలకల నీళ్ల బాయి ఉన్నదని ఎవడో మోసం జేస్తే కొన్నడు. రైలొచ్చి కలిసొచ్చింది. బజారంత గుడ్డెద్దు చేన్ల పడ్డట్టని నవ్విండ్రు. ఆయన సచ్చిపోతే కర్మనాడు, మేం పెట్టిన విస్తరి ముందల కూసోని గూడ గదే మాటనుకుంట నవ్విండ్రు. నన్ను ఇంత పిల్లప్పుడు తెచ్చుకొని, సొంత బిడ్డలెక్క ఎత్తుకొని తిరిగినోడు. నా పానం ఊకుంటదా? అప్పుడు నా నోట్లనుంచి వచ్చింది, ఇనుప పాము."

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పందెం న్యాయంగా మా ఆయనే గెలిచాడన్నమాట. ఈ సంగతి ఆయనకు జన్మలో చెప్పను.

"నేను పోయినంక తద్దినం నాడు నువ్వే చెప్పాలె" అంది అత్తమ్మ.

"చెప్త అత్తమ్మా. మరి జెండా ఉంచాల్నా, తియ్యాల్నా?"

ఆమె వత్తి నలిపి పళ్లెంలో పెట్టింది.

"ఉంచు. పిల్లలకు గదే ఇష్టం."