మజ్జిగ పూసిన కుండీలు

"ఆవిడ కనిపెట్టేస్తే ఎలాగే?" అని పైకే అనేశాను. కుండీలు చూసుకోవడానికి ఫెస్ నుంచి వచ్చే హాజ్జా కారు ఇంకా మా ఊరు సెఫ్రూ పొలిమేరలోకి కూడా రాలేదు. నా కూతురు విసాల్ తలెత్తకుండా పనిలోనే ఉంది. కుండీ మీద తడి గోనె కప్పి పక్కనే చతికిలబడింది. దాన్ని బడి మాన్పించి పది రోజులైంది. ఈ పది రోజులుగా అది అవునూ కాదూ తప్ప మాట్లాడలేదు. జ్వరమేమోనని రోజుకు నాలుగుసార్లు నుదురు తాకి చూస్తున్నాను. పదమూడేళ్ల పిల్ల నోరు కుట్టేసుకుంటే లోపల ఏదో విరిగిపోయి ఉంటుందని నా భయం.

సిమెంటు కుండీలు మూసల్లో పోయడం మా ఆయన అల్లాల్ పని. అది ఒక పూటలో అయిపోతుంది. వాటిని నూరేళ్ల నాటివిగా చేయడం నా పని. దానికి నెల పడుతుంది. కొత్త సిమెంటుకు ఘాటెక్కువ, దాని మీద పాచి బతకదు. ముందు నీళ్లలో నానబెట్టాలి, వెనిగర్‌తో కడగాలి, అంచుల్లో అక్కడక్కడా పెచ్చులు లేపాలి, మరిగించిన టీ ఆకుల నీళ్లు పోయాలి. ఆ తర్వాత వాగుగట్టున గీకి తెచ్చిన పాచిని మజ్జిగలో నూరి, పూసి, రోజూ తడుపుతూ నీడన ఉంచాలి. శుక్రవారం కుస్కుస్ భోజనంతో తాగాల్సిన మజ్జిగలో నా వాటా దీనికే పోతుంది. అప్పటికీ మా అత్త, ఈ ఇంట్లో మనుషుల కంటే రాళ్లే ఎక్కువ తాగుతున్నాయని ఇరుగుపొరుగుకు చెబుతుంది. మా ఆయనైతే కాఫీ కొట్టు దగ్గర స్నేహితులతో, ఆడవాళ్లకు ఏదో కాలక్షేపం ఉండాలిగా అంటాడట.

నిరుడు నేను పుట్టింటికి వెళ్లిన వారంలో తొందరపడి ఆయనే బ్రష్ పట్టుకున్నాడు. నాలుగు వైపులా పచ్చగా పూసేశాడు. కొనడానికి వచ్చినాయన కుండీ చుట్టూ తిరిగి, నాలుగు దిక్కులా నీడ పడే తోట ఎక్కడుందయ్యా అని నవ్వి వెళ్లిపోయాడట. నీడవైపు పచ్చదనం, ఎండవైపు వెలిసిన తెలుపు ఉండాలని నాకెవరూ చెప్పలేదు. నీళ్లు మోస్తూ వీధి గోడలను చూసి నేర్చుకున్నాను.

ఈసారి హాజ్జా అరవై అడిగింది. నెలలో ఇస్తానని ఆయన ఒప్పుకున్నాడు. నేనొక్కదాన్నీ నెలకు ఇరవై చేస్తేనే ఎక్కువ. సిమెంటుకు నా వేళ్లు పగిలి రక్తం కారుతోందని చూపిస్తే, "దాని చేతులున్నాయిగా" అని పిల్లను చూపించాడు. "నువ్వు ఐదు తరగతులు చదివావు, నీకేం తక్కువైంది?" అన్నాడు. ఏం తక్కువైందో చెప్పడానికి ఆ ఐదు తరగతుల్లో నాకు మాటలు నేర్పలేదు. తలవంచుకుని మజ్జిగ కలిపాను.

హాజ్జా వచ్చింది. యాభై దాటిన మనిషి, బతుకంతా బేరాలు చూసిన కళ్లు. నేను టీ పళ్లెం తెచ్చేసరికి ఆయన చెబుతున్నాడు, ఇవి వెనకటి రోజుల్లో ఊరినేలిన పాషాగారి పాత తోటలోవని, మిగతావి కూడా అక్కడే మట్టిలో ఉన్నాయని, గడువుకల్లా తవ్వి తెస్తామని. ఆవిడకు తెలిస్తే కేసు పెడుతుంది, ఈయన్ను తీసుకుపోతారు, మేం వీధిన పడతాం. ఎప్పటిలాగే నా మనసు చివరిదాకా పరిగెత్తింది. అప్పుడు గోనె కింద నుంచి చేతులు బయటికి తీస్తున్న విసాల్ కనిపించింది. ఆ చిన్న వేళ్ల కొసలు అప్పుడే ఎర్రగా ఉన్నాయి. నేను ఏం జరుగుతుందోనని వణుకుతున్నానే, అది పది రోజుల కిందటే జరిగిపోయింది. ఇంకా దేనికి భయపడాలి?

పళ్లెం కింద పెట్టాను.

"ఏ తోటా లేదమ్మా. ఇవి రంజాన్ వెళ్లాక పోసినవి. పాతవి చేసింది నేను. అరవై కావాలంటే మూడు నెలలు ఆగండి, నేనొక్కదాన్నే చేస్తాను. నా కూతురు ఇక చేయదు. అది బడికి పోతుంది."

"మా ఆవిడకు కాస్త మతి తక్కువ, హాజ్జా" అని ఆయన నవ్వబోయాడు.

హాజ్జా ఆయన వైపు చూడలేదు. కుండీని ఇటూ అటూ తిప్పి, గోటితో గీరి, వంగి వాసన చూసింది. దేనితో చేశావని అడిగింది. మజ్జిగ అన్నాను. వాసన రావడం లేదే అంది. పదిహేనో రోజుకు పోతుందన్నాను.

"పాతదని అందరూ మెచ్చే నా ఇంట్లో గచ్చు సగం పోయినేడు వేయించిందే" అంది తాపీగా టీ అందుకుంటూ. "మూడు నెలలు ఆగుతాను. ఆ పాషా కథ మాత్రం నాకొద్దు."

ఆయన మొహం కందిపోయింది. కొనే మనిషిని ఏమీ అనలేడు, ఆవిడ ఎదుట నన్నూ అనలేడు. పిల్ల వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పవే. మీ అమ్మ చేతులు చూడు. రక్తాలు కారుతుంటే ఒక్కదాన్ని వదిలేసి బడికి పోతావా?"

గడపలో అత్త ఔనన్నట్టు తలూపింది. నాకు ముల్లు గుచ్చుకుంటే ఏడ్చే పిల్ల అది. ముందు ఇంట్లోవాళ్లు, తర్వాతే నువ్వు అని పాలతోపాటు తాగించింది నేనే. దాని తరఫున నేనే చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. పెదవి కొరికి ఆపుకున్నాను. ఇదొక్కటైనా అదే చెప్పాలి. గోనెల నుంచి నీళ్లు కారుతున్నాయి. హాజ్జా కూడా గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుంది.

విసాల్ లేచి నిలబడింది.

"పోతాను నాన్నా. సోమవారం నుంచే."