పన్నెండు గంటల కూత

నేను ఒక సైరన్‌ని. ఇప్పుడు మున్సిపల్ ఆఫీసు వెనక షెడ్డులో, చక్రాలూడిన చెత్త బళ్ల మధ్య పడి ఉన్నాను. నలభై ఏళ్లు అరిచాను. అందరి జేబుల్లోకి ఫోన్లొచ్చాక నన్ను దింపేశారు. జాలిపడకండి, నాకిప్పుడు హాయిగానే ఉంది.

నన్ను తెప్పించింది ఈ ఊరి చక్కెర ఫ్యాక్టరీ. మూడు షిఫ్టులకూ నాదే పిలుపు. నేను కూస్తే చుట్టూ పది ఊళ్ల మగవాళ్లు సైకిళ్లెక్కేవారు, హోటళ్లలో పొయ్యిలు రాజుకునేవి. ఓ ఏడాది పెద్దలు ఫ్యాక్టరీకి తాళం వేశారు. చెరుకు రైతులు పసుపు పంటకు మారారు. మగవాళ్లలో సగం మంది దుబాయి పోయారు. ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని బీడీలు చుట్టడం మొదలుపెట్టారు. నన్ను వేలంలో పంచాయతీ కొనుక్కుంది. కొన్నాళ్లకు ఊరు మున్సిపాలిటీ అయింది. బోర్డు మారింది, ఇంటి పన్ను పెరిగింది. మురుగు కాలువకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇక్కడ నా పని పగలు పన్నెండింటికి ఒక్కసారి కూయడం. అటెండరు గంగనర్సయ్య బటన్ నొక్కేవాడు. ఆ కూతకు బడి పిల్లలు అన్నానికి లేచేవారు. ఆఫీసు ఎదురుగా బీడీ కార్ఖానాలో సరుకు చూసి తీసుకునే మున్షీ తలుపు మూసేవాడు. ఆ తర్వాత ఎవరు బీడీలు తెచ్చినా తీసుకోడు.

బీడీలు చుట్టే లసుమవ్వకు వచ్చిన కష్టం అదే. ఆమె భర్త నా పిలుపుకు ఇరవై ఏళ్లు పనికి వెళ్లినవాడు. అతను పోయాక కూడా ఆమె ఊరి చివర ఫ్యాక్టరీ క్వార్టర్లలోనే ఉండిపోయింది. మోకాళ్లు అరిగిపోయాయి, ఈమధ్య కార్ఖానా దాకా నడిచి వచ్చేసరికి పన్నెండు దాటిపోతోంది. ఆ నెల గడిస్తే బీడీ పింఛనుకు కావలసిన ఏళ్లు నిండుతాయి. కానీ నెలలో మూడు రోజులు సరుకు అందకపోతే కంపెనీ పేరు కొట్టేస్తుంది. జ్వరంతో అప్పటికే రెండు రోజులు పోయాయి.

"నర్సయ్యా, జెర ఆగి మోగియ్యరాదు బిడ్డా," అని ఓ రోజు ఆఫీసు మెట్ల దగ్గర అడిగింది.

"సర్కారు టైమవ్వా! నా ఇష్టమా?" అని అతను కసిరాడు.

మర్నాటి నుంచి ఆమె బీడీల గంప వీధి మలుపు దాటేదాకా అతని వేలు బటన్ మీదికి రాలేదు. పన్నెండు దాటి నాలుగు నిమిషాలు, ఏడు, ఒకరోజు పదకొండు. అబద్ధమాడటం నాకు అలవాటు లేదు, మొదట సిగ్గేసింది. తర్వాత ఇష్టంగానే కూశాను. ఊరంతా ఆకలితో నకనకలాడింది, ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. మున్షీకీ చేతి గడియారం ఉంది. కంపెనీ కాగితంలో సైరన్ మోగేదాకా సరుకు తీసుకోవాలని రాసుంది కాబట్టి ఆయన గడియారం వంక చూడలేదు.

నెల ముగియడానికి రెండు రోజులుందనగా కొత్త కమిషనర్ నాకు టైమర్ బిగించారు. మర్నాడు సరిగ్గా పన్నెండింటికి నా అంతట నేనే కూశాను. లసుమవ్వ ఇంకా మలుపు దగ్గరికి కూడా రాలేదు. నర్సయ్య నా కింద నిలబడి తల పట్టుకున్నాడు. ఆగుదామంటే నా చేతిలో లేదు. అన్నేళ్లలో ఏ కూతకూ నేనంత ఏడవలేదు.

మున్షీ తలుపు మీద చెయ్యి వేశాడు. అప్పటికే సరుకిచ్చేసి మర్నాటి బీడీ ఆకు కోసం ఆగిన ఆడవాళ్లు ఏడెనిమిది మంది గడప మీద వరసగా కూర్చుని సద్ది గిన్నెలు విప్పారు.

"గిదేందవ్వా, తొవ్వల కూసున్నరు?" అన్నాడు మున్షీ.

"సైరన్ మోగింది గద సారూ, బువ్వ తింటున్నం," అంది వాళ్లలో పెద్దామె, ముద్ద కలుపుతూ.

మున్షీ గిన్నెల్లోకి తొంగి చూశాడు. "ఇంకెంతసేపు తింటరు?"

"లసుమవ్వ అచ్చేదాంక."

ఆయన తలుపు వదిలేసి స్టూలు మీద కూర్చున్నాడు. మలుపులో గంప కనిపించేసరికి పన్నెండుంపావు దాటింది. అప్పటికి ఒక్కరి గిన్నె కూడా ఖాళీ కాలేదు.