కన్నే గడియారం

నీలమ్మ లైట్ల డబ్బా మూత ఎత్తి లోపలి జాలి గుడ్డ రంగు చూసింది. ఇంకా మారలేదనిపించి మళ్ళీ మూసింది.

మొయినాబాద్‌లో తాతారావు ప్రింటింగ్ షాపు వెనక రేకుల గది అది. దినాలకు పంచే గుడ్డసంచుల మీద పోయినవాళ్ళ ఫొటో అచ్చు వేస్తారు. చట్రానికి బిగించి మందు పూసిన జాలి గుడ్డ మీద ఫొటో ఫిల్ము పరిచి, డబ్బాలో నీలి ట్యూబులైట్లు వెలిగిస్తే బొమ్మ జాలిమీదికి దిగుతుంది. ఆ వెలుగులో అల్ట్రావయొలెట్ కిరణాలుంటాయి, మూత తీయకూడదు. కానీ ఇక్కడి కరెంటు ఒక్క తీరుగా ఉండదు, గడియారాన్ని నమ్మితే జాలి పాడవుతుంది. అందుకే మూత ఎత్తి, మందు రంగు మారగానే లైట్లు ఆర్పే నీలమ్మ కన్నును తాతారావు నమ్ముకున్నాడు. పాడైన జాలి నష్టం కిందికి వచ్చేది. పాడైన కన్ను ఏ పద్దులోకీ రాలేదు.

కళ్ళలో ఇసుక పోసినట్టుందని ఆమె అంటే, రోడ్డు పక్కన నల్లద్దాలు కొనిచ్చాడు. ఎంత నలుపైతే అంత మేలనుకున్నారు ఇద్దరూ. బేరం చవకగా తెగింది.

మొన్న చేవెళ్ల దవాఖానలో డాక్టరమ్మ ఆ అద్దాలు చూసి తల పట్టుకుంది. "నలుపు వెలుగును తగ్గిస్తది గాని ఆ కిరణాలను ఆపదు. చీకటికి కంటిపాప ఇంకా తెరుచుకుంటది, అవి ఇంకా లోపలికి పోతయి. మూత తెరువకు."

"తెరువకుంటె పని ఎట్లయితదమ్మా?"

ఆ సంగతి నీలమ్మ తాతారావుకు చెప్పలేదు. చెబితే ఇంకొకరిని పెట్టుకుంటాడని భయం.

మధ్యాహ్నం చిన్న మంగళారం ఊరి నుంచి శ్రవణ్ అనే కుర్రాడు తన తండ్రి దినాల సంచుల కోసం వచ్చాడు. ఒకటి విప్పాడు.

"అవ్వా, గిదేంది? మా బాపుకు కండ్లేవి?"

ఈ సంచుల జాలికి రంగు మారడం ఆమెకు ఆలస్యంగా కనపడింది. వెలుగు ఎక్కువై సన్నని గీతలు పూడుకుపోయాయి. నీలమ్మ సంచిని మొహానికి ఆనించుకుంది. మీసం ఉంది, పైన మసక. అది సంచిదో తనదో తెలియలేదు.

"ఎండ పడి జర మసక కొడ్తది బిడ్డా."

"ఎండేంది? నీడల నిలవడ్డం గదా!"

తాతారావు వచ్చి సంచిని చూశాడు, ఆమెను చూశాడు. చెయ్యెత్తాడు. "ఎన్ని వేళ్ళు?"

"గదేం పరాచికం సార్?"

"చెప్పు."

ఆమె ఆ చెయ్యిని వెతుక్కుంటూ ఒక అడుగు ముందుకు వేసింది.

మళ్ళీ వేసిస్తానని శ్రవణ్‌ను పంపించి, "ఇంటి దగ్గరుండి కళ్ళు చూపించుకో నీలమ్మా. బాగయ్యాక చూద్దాం," అన్నాడు. మెత్తగానే అన్నాడు. మెత్తని మాటకు పెట్టుబడి అక్కర్లేదు.

"బాగైతయా సార్?"

అతను అప్పటికే ఫోనులో వనిత అనే అమ్మాయిని రేపటినుంచి రమ్మంటున్నాడు. "చూపు బాగుందిగా?" అని అడుగుతున్నాడు.

నీలమ్మ గోడ పట్టుకుని నడిచి, ఆటోను పిలిచి ఎక్కింది. రేకుల గదిలో, కిటికీ గూట్లో, ఆమె మధ్యాహ్నానికి ఎర్రగుడ్డలో కట్టి తెచ్చుకున్న జొన్నరొట్టె మూట ముడి విప్పకుండానే ఉంది.