హారతిని కోసేసిన పెట్టె

కంప్యూటర్ పెట్టె మళ్ళీ రొప్పడం మొదలుపెట్టింది. వంటింట్లో పప్పు కలుపుతున్న దేముడమ్మ గరిటె పట్టుకునే ముందుగదిలోకి పరుగెత్తింది. నిప్పంటుకుంటుందేమోనని మొదటి భయం. ఈ హోరు వీధిలోకి వినబడి, నిషేధించిన టీవీ డిష్‌ల కోసం తిరిగే సిపాయిలు మెట్లెక్కుతారేమోనని రెండో భయం. మూడోది అన్నిటికన్నా పెద్దది. గోడవారనున్న ఇన్వర్టర్ వైపు చూసింది. నాలుగు పచ్చదీపాల్లో రెండే వెలుగుతున్నాయి. కరెంటు పోయి గంటయినా కాలేదు.

"ఓలె మణీ! నీ పెట్టె మీ మామ్మ ఊపిరి తాగేస్తన్నాదే!"

సంచౌంగ్ పేటలోని ఆ మూడో అంతస్తు ఇంట్లో ఆ వానాకాలం ముగ్గురే మిగిలారు: దేముడమ్మ, కూతురు మణిమాల, అత్తగారు సింహాచలమ్మ. దేముడమ్మ భర్త సూర్యప్రకాష్ ఏటి అవతల తన్లిన్‌కి పనికెళ్ళినవాడు, రోగం రోజుల కట్టడిలో వంతెనకి అవతలే చిక్కుకున్నాడు. ముసలమ్మకి జ్వరమైతే దిగింది గానీ ఊపిరి ఇంకా చాలడం లేదు. అద్దెకి తెచ్చిన ఆక్సిజన్ మిషన్ నుంచి సన్నటి గొట్టం ఆమె ముక్కుకి వచ్చింది. కరెంటుంటే సరే, లేకపోతే ఆ మిషన్‌కి ఇన్వర్టరే దిక్కు.

ఆ గొట్టమంటే ఆమెకి పరమ చిరాకు. టీవీలో పురాణం నడుస్తున్నంతసేపూ దాన్ని మరిచిపోతుంది. ప్రకటనలు వచ్చాయంటే మాత్రం లేచిపోతుంది. ప్రకటన రాగానే లేచి పొయ్యి మీద గిన్నె చూసుకోవడం, కిళ్ళీ చుట్టుకోవడం ఆమెకి ఏనాటినుంచో అలవాటు. లేచేముందు గొట్టం పీకి మంచం మీద పడేస్తుంది. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే చిన్న యంత్రంలో అంకె తొంభై నుంచి ఎనభైకి జారిపోతుంది.

అందుకే మణిమాల ఆ పాత కంప్యూటర్‌ని పెట్టింది. సైన్యం గద్దెనెక్కిన నాటినుంచి కాలేజీకి వెళ్ళనని ఇంట్లో కూర్చున్న పిల్ల. నిషేధం వచ్చాక నీళ్ళట్యాంకు చాటుకి మార్చిన డిష్ నుంచి తెలుగు భక్తి కార్యక్రమాలని రికార్డు చేస్తుంది. తర్వాత కంప్యూటరే వాటిని మొదట్నుంచీ చివరిదాకా చూసుకుంటుంది. తెర ఎక్కడ నల్లబడింది, చప్పుడెక్కడ ఆగింది, మూలనున్న ఛానెల్ గుర్తు ఎక్కడ మాయమైంది అని బొమ్మ బొమ్మకీ వెతికి, ప్రకటనలని కోసేస్తుంది. ఆ వెతుకులాటే దాన్ని రొప్పిస్తుంది.

"మూడు రికార్డింగులు ఒక్కసారే అయిపోయాయమ్మా," అంది మణిమాల. "మూడిట్నీ ఒక్కసారే ఎతుకుతన్నాది. ప్రాసెసర్ నూటికి నూరు పనిలో ఉంది."

"మూడు కూరలూ ఒక్కసారే ఎక్కించి మంట పెద్దది సేత్తే గేసుబుడ్డి ఎన్నాళ్ళొత్తాదే? ఒకటి దించేక ఇంకోటెట్టమను. సిన్న మంట మీద."

"అమ్మకి కంప్యూటర్ కూడా పొయ్యే," అని మణిమాల నవ్వింది. కానీ అలాగే చేసింది. ఒకదాని తర్వాత ఒకటి, అదీ ప్రాసెసర్‌లో నాలుగో వంతు మాత్రమే వాడుకునేలా మార్చింది. అదీ కరెంటున్నప్పుడే. వీధిలో జనం ఆ ఊరి భాషలో "మీ లాబ్యీ!" అని అరిస్తే కరెంటు వచ్చినట్టు. ఆ కేక వినబడగానే దేముడమ్మ "మణీ, పొయ్యి ఎలిగించు!" అని తన కేక వేసేది.

మూడు రోజులు బాగానే గడిచాయి. నాలుగో రోజు వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. ఇక రోజుకి గంట కరెంటొస్తే గొప్ప. కోయని కార్యక్రమాలు గుట్టపడ్డాయి.

"నువ్వే మామ్మ పక్కన కూకుని, ప్రకటనొత్తే రిమోట్‌తో ముందుకి తోసెయ్యొచ్చుగా?" అంది మణిమాల.

"నేను కూకుంటే ఈది ఎవులు సూత్తారు?"

ఆమె రోజంతా కిటికీ తెర పక్కనే నిలబడి ఉండేది. ఏ లారీ ఆగినా, ఏ కుక్క మొరిగినా ముందు తనకే తెలియాలి. తను చూడకపోతే ఏదో జరిగిపోతుందని నమ్మకం.

చేసేది లేక మణిమాల పెట్టెకి పని తగ్గించింది. బొమ్మలని చూడటం మానిపించి, చప్పుడు ఆగినచోట కోసెయ్యమంది. పావుగంటలో అయిపోయింది. ఫ్యాను చప్పుడే లేదు. గట్టెక్కామనుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం మణిమాల మందుల వరసలో నిలబడటానికి వెళ్ళింది. టీవీలో పూజ నడుస్తోంది. మూల మీద లారీ ఆగిన చప్పుడైంది. దేముడమ్మ కిటికీ తెర చాటునుంచి కళ్ళప్పగించి చూస్తోంది. వెనకనుంచి అత్తగారి గొంతు వినబడింది.

"హారతేదే దేముడూ? హారతీకుండానే గుడి తలుపులేసేసేరేటి?"

"ఇచ్చుంటారత్తా, నువ్వు సూణ్ణేదు," అంది దేముడమ్మ వెనుదిరగకుండా.

"నా కళ్ళు బాగానే ఉన్నాయే! హారతి నేకుండా పూజ ముగిత్తే ఇంటికి మంచిది కాదు. నేనిస్తానుండు."

హారతికి ముందు పూజారి గంట ఆపి, క్షణంసేపు అందరూ మౌనంగా నిలబడతారు. ఆ మౌనం చూసి, ప్రకటన మొదలైందనుకుని, పెట్టె హారతిని కోసేసింది. అదంతా దేముడమ్మకి తర్వాత తెలిసింది. అప్పుడు వినబడింది మాత్రం గలగలమని ఒక చిన్న చప్పుడు. అగ్గిపెట్టె చప్పుడు.

మిషన్ ఉన్న గదిలో నిప్పు కూడదని, ఆ గాలికి భగ్గుమంటుందని అద్దెకిచ్చినతను చెప్పిన రోజే ఆమె ఇంట్లో అగ్గిపెట్టెలన్నీ వంటింట్లో దాచింది. ముసలమ్మ దిండుకింద మరొకటుందని తెలియదు. వెనుదిరిగేసరికి సింహాచలమ్మ మంచం మీదే కూర్చుని, ఒళ్ళో పళ్ళెంలో కర్పూరం పెట్టుకుని, పుల్ల గీయబోతోంది. ఈసారి లేవలేదు కనక, గొట్టం ముక్కుకే ఉంది.

దేముడమ్మ ఎలా వెళ్ళిందో ఆమెకే తెలియదు. పుల్ల నేల మీద పడింది, కర్పూరం మంచంకింద దొర్లింది.

"ఓలమ్మో, దేవుడి కాడా నీ దెబ్బలాట?" అంది ముసలమ్మ బిత్తరపోయి.

దేముడమ్మ అగ్గిపెట్టెని గుప్పిట్లో నలిపి నేల మీద కూలబడింది. కాసేపటికి కింద లారీ వెళ్ళిపోయింది. అది తాగునీళ్ళ లారీ.

సాయంత్రం కూతురు రాగానే, "కొయ్యడం మాన్పించీ," అంది. "ఇంకేటీ ఎతకొద్దను. ఒట్టిగా సూపిస్తే సాలు."

"మరి మామ్మ లేస్తే?"

"నేనున్నాను కదే."

మర్నాడు కిటికీకి వీపు పెట్టి మంచం పక్కన కూర్చుంది, రిమోట్ మీద బొటనవేలు ఆనించి. మొదటి ప్రకటన దాటిపోయింది. రెండోది కాస్త కనబడింది. మూడోదానికల్లా ఆమెకి తెలిసిపోయింది: పురాణం చెప్పేవాడి గొంతు పైకి లేస్తుంది, తంబురా ఒక్కసారి మోగుతుంది, అంతే. రాబోయే చెడుని ముందే పసిగట్టడం ఆమెకి ఒకరు నేర్పాలా?

"ఈ ఛానెలోళ్ళు ప్రకటన్లు మానేసేరేటే?" అంది సింహాచలమ్మ.

"మానేసేరత్తా."

టీవీ పూజలో గంట ఆగింది. గుడిలో మౌనం. బొటనవేలు రిమోట్ మీదే ఉంది గానీ నొక్కలేదు. అప్పుడే కింద వీధిలో ఏదో బండి ఆగింది. తలుపు తెరుచుకున్న చప్పుడు, బూట్లో చెప్పులో తెలియని అడుగులు. దేముడమ్మ లేవలేదు.

తెర మీద హారతి వెలిగింది. ముసలమ్మ రెండు చేతులూ కళ్ళకద్దుకుంది, గొట్టం తగలకుండా జాగ్రత్తగా. ఇన్వర్టర్ మీద మూడు దీపాలున్నాయి.